కాంతి వడపోత (కాంతిగ్రాహక ప్రోటీన్ల పరిశోధన)

కాంతి వడపోత లేదా ఆప్టికల్ ఫిల్టరు అనగా తన మీద పడిన కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను మాత్రమే ముందుకు పోనిచ్చి, మిగిలిన వాటిని పీల్చుకొనే లేదా వెనుకకు పంపివేసే గాజు పలక, జిలాటిన్ పొర, పలుచని పూత లేక ద్రావణం. కాంతి తగిలినప్పుడు రూపమును, రంగును లేదా పనిని మార్చుకొనే ప్రోటీన్లను కాంతిగ్రాహక ప్రోటీన్లు అంటారు. కంటిలోని రోడాప్సిన్, మొక్కలలోని ఫైటోక్రోం, ఫోటోట్రోపిన్, క్రిప్టోక్రోం, ఉప్పునీటి సూక్ష్మజీవులలోని బాక్టీరియోరోడాప్సిన్ వీటిలో ముఖ్యమైనవి. వీటిని పరిశీలించే ప్రయోగశాలలో వడపోత ఒక సాధారణ ఉపకరణమే అయినా, ప్రయోగ ఫలితం నిజమా కాదా అన్నది తరచుగా దాని మీదనే ఆధారపడి ఉంటుంది. సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరాలలోని పరిశోధనా సంస్థలలో ఈ ప్రోటీన్ల మీద, కాంతి వలన దెబ్బతినే ఇతర ప్రోటీన్ల మీద చెప్పుకోదగిన పరిశోధన జరిగినది.

వడపోత అవసరం

సాధారణ రసాయన పదార్థాన్ని వెలుతురులో పెట్టి చూస్తే దానికేమీ కాదు. కాంతిగ్రాహక ప్రోటీను విషయం అటువంటిది కాదు. దానిని చూడాలంటే కాంతి కావాలి, కాని చూచుటకు వేసిన కాంతియే దానిని మార్చివేస్తుంది. అందుచేత పరిశోధకుడు కాంతిని రెండు విధాలుగా విభజించుకోవలసి ఉంటుంది. ఒకటి ప్రోటీనును ప్రేరేపించే కాంతి, రెండవది ప్రోటీనుకు తెలియకుండా పని చేసుకొనుటకు పనికివచ్చే కాంతి. ఈ రెండింటినీ వేరుచేసేది వడపోతయే.

ఇక్కడ ఒక సామాన్యమైన అపోహను తొలగించాలి. ఎర్ర గాజు తెల్లని కాంతికి ఎరుపు రంగు పూయదు. తెల్లని కాంతిలో ముందే ఉన్న ఎరుపును మాత్రం వదలి, తక్కిన రంగులను పీల్చుకుంటుంది. కనుక వడపోత గుండా బయటకు వచ్చే కాంతి, వడపోత గుణం మీదనే కాక వెనుక ఉన్న దీపం మీద కూడా ఆధారపడుతుంది. దీనికి రైలు సిగ్నలు మంచి ఉదాహరణ. కిరోసిన్ దీపాలు వాడిన రోజులలో సిగ్నలు చేతికి అమర్చిన 'ఆకుపచ్చ' గాజును పగటివేళ దగ్గరగా చూస్తే నీలం ఛాయలో కనిపించేది. కిరోసిన్ మంట పసుపు పచ్చనిది కాబట్టి ఆ నీలపు గాజు గుండా వచ్చిన వెలుతురు డ్రైవరుకు ఆకుపచ్చగా కనిపించేది. దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైన సికింద్రాబాదు వాసులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు. దీపం మార్చి గాజును మార్చకపోతే రంగు మారిపోతుందన్న ఈ సూత్రమే ప్రయోగశాలలో అనేక పొరపాట్లకు మూలం.

చరిత్ర

ఈ పరిశోధనలో వడపోతలు మొదట గాజు పలకలు కావు, రంగు నీళ్లు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ 1864లో రెండు గోడల గాజు పాత్రలలో రంగు ద్రావణాలు నింపి, వాటి వెనుక మొలకలను పెంచాడు. పొటాషియం డైక్రోమేట్ ద్రావణం నీలిరంగును ఆపి నారింజ, ఎరుపు రంగులను వదలుతుంది. అమ్మోనియా కలిపిన మైలుతుత్తం ద్రావణం నీలిరంగును వదలుతుంది. నీలి ద్రావణం వెనుక ఉన్న మొలకలు వెలుతురు వైపు వంగినవి, నారింజ ద్రావణం వెనుక ఉన్నవి దాదాపు వంగలేదు. వంగుటకు కారణమైన ప్రోటీను పేరు తెలియడానికి ఇంకా నూటముప్పై సంవత్సరాలు పట్టినా, అది నీలికాంతిని గ్రహించునదని ఈ రెండు సీసాల ద్రావణంతోనే తేలిపోయినది.

అంతకు ముందే 1852లో జార్జి స్టోక్స్ అనే శాస్త్రవేత్త క్వినైన్ ద్రావణం మీద ఇటువంటి ప్రయోగం చేశాడు. చర్చి కిటికీకి వాడే ముదురు నీలి గాజు గుండా సూర్యకాంతిని పంపి, ఆ ద్రావణాన్ని పసుపు పచ్చని ద్రాక్షసారా నింపిన గ్లాసు గుండా చూశాడు. నీలి గాజు గుండా వచ్చే కాంతిని ఆ సారా ఆపివేస్తుంది. అయినా వెలుగు కనిపించినది, అనగా ఆ వెలుగు ద్రావణంలోనే కొత్తగా పుట్టినది. ఈ దృగ్విషయానికి ఫ్లోరోసెన్స్ (ప్రతిదీప్తి) అనే పేరు పెట్టినది ఆయనే.

పరస్పరం అడ్డుకొనే రెండు వడపోతల పద్ధతిని మన దేశంలో అందరికీ పరిచయం చేసినది సర్ సి.వి.రామన్. 1928లో కలకత్తాలో ఆయన, కె.ఎస్.కృష్ణన్ కలిసి సూర్యకాంతిని నీలి-ఊదా వడపోత గుండా ద్రవం మీదికి పంపి, పరిక్షేపించిన కాంతిని ఆకుపచ్చ వడపోత గుండా చూశారు. మొదటి వడపోత వదలిన కాంతిలో ఏదీ రెండవ దాని గుండా రాకూడదు. అయినా మసక వెలుగు కనిపించుటయే రామన్ ఫలితానికి తొలి సాక్ష్యం. ఆ బృందంలో తరువాత చేరిన తెలుగువాడు సూరి భగవంతం. 1909లో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన ఆయన, 1952 నుండి 1957 వరకు తార్నాక దగ్గరి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నాడు. నేటి ఫ్లోరోసెన్స్ సూక్ష్మదర్శినిలో ఉన్నది కూడా ఈ రెండు వడపోతల ఏర్పాటే.

రకాలు

పీల్చుకొనే వడపోతలు: రంగు గాజు, రంగు వేసిన జిలాటిన్ పొరలు ఈ తరగతివి. ఇవి చవక, కాంతి ఏ కోణంలో పడినా ఒకే విధంగా పని చేస్తాయి. కాని అంచులు అంత నిశితంగా ఉండవు. పీల్చుకొన్న కాంతితో వేడెక్కుతాయి, కొన్ని రంగు గాజులు తామే స్వల్పంగా ప్రతిదీప్తిని వెలువరిస్తాయి. జిలాటిన్ పొరలు కాలక్రమాన వెలిసిపోతాయి.

వ్యతికరణ వడపోతలు: గాజు మీద వేర్వేరు వక్రీభవన గుణకాలు గల పలుచని పొరలను ఒకదానిపై ఒకటి పూసి తయారు చేస్తారు. సబ్బు బుడగ మీద రంగులు కనిపించుటకు కారణమైన సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. పది ఇరవై నానోమీటర్ల ఇరుకైన పట్టీని మాత్రమే వదలగల శక్తి వీటికున్నది. అయితే కాంతి వాలుగా పడితే ఆ పట్టీ నీలం వైపుకు జరుగుతుంది. కనుక వీటిని కిరణానికి లంబంగా నిలపాలి.

పని విధానాన్ని బట్టి చూస్తే, ఒక హద్దు కంటె ఎక్కువ తరంగదైర్ఘ్యాలను వదలునవి, తక్కువ వాటిని వదలునవి, నడుమ పట్టీని వదలునవి అని మూడు విధాలు. రంగుతో సంబంధం లేకుండా కాంతి పరిమాణాన్ని మాత్రమే తగ్గించే బూడిదరంగు తటస్థ వడపోతలు నాలుగవ రకం. డైక్రోయిక్ అద్దం కొన్ని రంగులను పరావర్తనం చేసి కొన్నింటిని పోనిస్తుంది.

వడపోత ఎంత బాగా ఆపుతుందో చెప్పుటకు దృక్ సాంద్రత అనే కొలత వాడతారు. సాంద్రత 1 అయితే పదవ వంతు, 2 అయితే నూరవ వంతు, 4 అయితే పదివేలవ వంతు కాంతి దూరిపోతుంది. పదివేలవ వంతు అంటే లేనట్లే కదా అనిపించవచ్చును. కాని ఒక ప్రయోగంలో ప్రోటీను వెలువరించే ప్రతిదీప్తి, ప్రేరేపించే కాంతిలో లక్షవ వంతు మాత్రమే అనుకుందాం. అప్పుడు సాంద్రత 4 గల వడపోత గుండా దూరిన కాంతి అసలు సంకేతానికి పది రెట్లు ఉంటుంది. సాంద్రత 6 గల వడపోత వాడితే ఆ దొంగ కాంతి సంకేతంలో పదవ వంతుకు తగ్గుతుంది.

కంటి ప్రోటీను: రోడాప్సిన్

1876లో ఫ్రాంజ్ బోల్ అనే శాస్త్రవేత్త, చీకటిలో ఉంచిన కప్ప రెటీనా ఊదా-ఎరుపు రంగులో ఉండి, వెలుతురు తగలగానే వెలిసిపోవుటను గమనించాడు. ఆ రంగు పదార్థమే రోడాప్సిన్. ఆప్సిన్ అనే ప్రోటీనుకు ఎ విటమిన్ నుండి వచ్చే రెటినాల్ అతుక్కొని ఇది ఏర్పడుతుంది. ఎ విటమిన్ లోపించిన పిల్లలకు రేచీకటి వచ్చుటకు కారణం ఇదే. రోడాప్సిన్ దాదాపు 500 నానోమీటర్ల వద్ద, అనగా నీలి-ఆకుపచ్చ కాంతిని అత్యధికంగా గ్రహిస్తుంది. కాంతి తగిలిన తరువాత రెటినాల్ వంపు తిరుగుటకు పట్టే కాలం సుమారు 200 ఫెమ్టోసెకండ్లు, అంటే సెకనులో అయిదు లక్షల కోట్లవ వంతు. దృష్టి రసాయనశాస్త్రంలో కృషికి జార్జి వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతిలో భాగం లభించినది.

రోడాప్సిన్‌ను వేరుచేయు పని మొత్తం మసక ఎర్రకాంతిలో జరుగుతుంది. 640 నానోమీటర్లకు పైబడిన కాంతిని ఈ ప్రోటీను చాలా స్వల్పంగా గ్రహించుటయే దీనికి కారణం. పాత ఫోటో స్టూడియోలలోని ఎర్ర దీపపు చీకటి గది ఇక్కడ గుర్తుకు వస్తుంది. కాని ఎర్ర బల్బు అమ్మకానికి దొరుకుతున్నది కదా అని కొని తగిలిస్తే చాలదు. దాని రంగు పూత గుండా ఆకుపచ్చ కాంతి కొంచెం వచ్చినా, గంటల తరబడి సాగే పనిలో ప్రోటీను చాలా భాగం వెలిసిపోయి, చివరకు పరీక్షనాళికలో మిగిలేది రంగులేని ఆప్సిన్ మాత్రమే.

బాక్టీరియోరోడాప్సిన్ కథ మరొక విధమైనది. ఉప్పు మడులలో పెరిగే హాలోబాక్టీరియంలో దీనిని 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకీనియస్ అనే వారు ప్రకటించారు. 568 నానోమీటర్ల కాంతి దీనిని నడిపిస్తుంది, నడుస్తుండగా మధ్యలో 412 నానోమీటర్ల వద్ద గ్రహించే ఒక తాత్కాలిక రూపం వస్తుంది. ఆ రూపానికి నీలి-ఊదా కాంతి తగిలితే అది పని పూర్తి చేయకుండానే వెనుకకు పోతుంది. ఈ ప్రోటీనును నడుపుటకు 500 నానోమీటర్లకు పైని కాంతిని మాత్రమే వదలే పసుపు వడపోతను పెట్టుట ఇందువలననే.

మొక్కలలోని కాంతిగ్రాహకాలు

1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు బోర్త్‌విక్, హెండ్రిక్స్ తదితరులు లెట్యూస్ విత్తనాలకు ఎర్రకాంతి చూపితే మొలకెత్తుననీ, వెంటనే సుదూర ఎరుపు కాంతి చూపితే ఆగిపోవుననీ, ఈ రెండింటిని ఎన్నిసార్లు మార్చి మార్చి చూపినా చివరిగా చూపిన కాంతియే ఫలితాన్ని నిర్ణయించుననీ కనుగొన్నారు. దీనికి కారణమైన ఫైటోక్రోంకు రెండు రూపాలు. ఒకటి 660 నానోమీటర్ల వద్ద, రెండవది 730 నానోమీటర్ల వద్ద ఎక్కువగా గ్రహిస్తుంది. నడుమ తేడా డెబ్బై నానోమీటర్లే. మనిషి కంటికి 730 నానోమీటర్ల కాంతి దాదాపు కనిపించదు. అందుచేత కంటితో చూచి వడపోత సరిగా ఉన్నదని తీర్మానించుట ఇక్కడ పనికిరాదు.

తక్కువ ఖర్చుతో చేసే ప్రయోగాలలో ఎర్ర సెలోఫేన్ కాగితం వాడుట పాత అలవాటు. ట్యూబులైటు ముందు దానిని పెడితే ఎర్రకాంతి వస్తుంది, ఎందుకంటే ట్యూబులైటులో సుదూర ఎరుపు చాలా తక్కువ. అదే కాగితాన్ని తంతువు గల పాత బల్బు ముందు పెడితే ఎరుపుతో పాటు సుదూర ఎరుపు కూడా ధారాళంగా వస్తుంది, అనగా పని చేయించే కాంతి, ఆ పనిని రద్దు చేసే కాంతి ఒకేసారి పడతాయి. నీలి సెలోఫేన్ కూడా సుదూర ఎరుపును ఆపదు. ఎర్ర, నీలి కాగితాలను కలిపి తంతువు బల్బు ముందు పెట్టి సుదూర ఎరుపును మాత్రమే రాబట్టిన పద్ధతికి ఆధారం ఈ గుణమే.

చీకటి గదిలో మొలకలతో పనిచేయుటకు మసక ఆకుపచ్చ కాంతి హాని లేనిదని చాలాకాలం భావించారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఫైటోక్రోం ఆకుపచ్చను కూడా కొంత గ్రహిస్తుంది. కొన్ని స్పందనలకు చదరపు మీటరుకు మైక్రోమోల్‌లో పదివేలవ వంతు ఫోటాన్లు చాలు. అటువంటి ప్రయోగాలను పూర్తి చీకటిలో, చేతి స్పర్శతోనే చేయవలసి ఉంటుంది.

1974లో స్థాపించబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ బృందం కాంతి వలన మొక్కల ఎదుగుదలలో వచ్చే మార్పులను, ముఖ్యంగా టమాటాలో, చాలాకాలం పరిశోధించినది. వీరు జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి 2014లో ప్రకటించిన ఎన్‌పీఎస్-1 అనే టమాటా ఉత్పరివర్తకం ఈ వ్యాసానికి చక్కని ఉదాహరణ. దాని మొలకలు నీలికాంతి వైపు వంగవు. ఫోటోట్రోపిన్-1 అనే ప్రోటీనులో 495వ స్థానంలోని ఆర్జినీన్ బదులు హిస్టిడిన్ వచ్చుటయే కారణమని తేలినది. కాంతిని పట్టుకొనే భాగంలో కాక, దాని ప్రక్కనున్న చిన్న సర్పిలంలో ఈ మార్పు జరిగినది. ఆ ఒక్క మార్పుతో తక్కువ కాంతిలో పత్రరంధ్రాలు తెరుచుకొనుట, హరితరేణువులు కదలుట కూడా దెబ్బతిన్నవి.

ఇక్కడ 'తక్కువ కాంతి' అన్న మాట గమనించవలసినది. మొక్కలో ఫోటోట్రోపిన్-2 అనే మరొక ప్రోటీను ఉన్నది, అది ఎక్కువ నీలికాంతికి స్పందిస్తుంది. కాంతి పరిమాణాన్ని తటస్థ వడపోతలతోనో, దూరం మార్చియో, విద్యుత్తును నియంత్రించియో మెట్లుమెట్లుగా తగ్గించి కొలవకపోతే ఈ రెండు ప్రోటీన్ల పనిని విడదీయలేము. సాక్స్ ప్రయోగం ఏ రంగు అన్న ప్రశ్నకు జవాబిచ్చినది. ఈ ప్రయోగాలలో ఎంత అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

ప్రతిదీప్తి ప్రోటీన్లు, సీసీఎంబీ

సికింద్రాబాదుకు ఆనుకొనియున్న తార్నాక, హబ్సిగూడ ప్రాంతంలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) 1977లో ప్రాంతీయ పరిశోధనాలయంలో భాగంగా పుష్ప మిత్ర భార్గవ నాయకత్వాన మొదలైనది. ఉప్పల్ రోడ్డులోని ప్రస్తుత ఆవరణ 1987లో జాతికి అంకితమైనది. ఇక్కడ అమితాభ ఛటోపాధ్యాయ బృందం ప్రతిదీప్తి పద్ధతులతో కణత్వచాలను, వాటిలోని గ్రాహకాలను పరిశోధించినది. జెల్లీఫిష్ నుండి లభించిన ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీను లోపలి కదలికలపై 2007లో ఈ బృందం ఒక అధ్యయనాన్ని ప్రకటించినది. ప్రేరేపించే కాంతిని గ్రహణ పట్టీ ఎర్ర అంచు వైపుకు జరిపినప్పుడు వెలువడే కాంతి కూడా జరుగునా అని చూచుట అందులోని పద్ధతి. ఆ ప్రోటీనును కనుగొని అభివృద్ధి చేసినందుకు షిమొమురా, చాల్ఫీ, చెన్ అనే ముగ్గురికి ఆ మరుసటి సంవత్సరం, 2008లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఈ ప్రోటీను యొక్క మెరుగుపరచిన రూపం 488 నానోమీటర్ల వద్ద గ్రహించి 509 వద్ద వెలువరిస్తుంది. తేడా ఇరవై నానోమీటర్లే. కనుక సూక్ష్మదర్శినిలో సాధారణంగా 450-490 నానోమీటర్లను వదలే ప్రేరణ వడపోత, 495 వద్ద విడదీసే డైక్రోయిక్ అద్దం, 500-550ని వదలే వెలువరింపు వడపోత అనే మూడింటి కూర్పు వాడతారు.

పరికరంలో మోనోక్రోమేటరు ఉంటే వడపోత అక్కరలేదని కొందరనుకుంటారు. వివర్తన జాలకం 560 నానోమీటర్లకు అమర్చినప్పుడు 280 నానోమీటర్ల కాంతి కూడా రెండవ క్రమంలో అదే దారిన వస్తుంది. ప్రోటీన్లను 280 వద్ద ప్రేరేపించుట సర్వసాధారణం కాబట్టి, 560 వద్ద కనిపించే సన్నని శిఖరాన్ని చూచి కొత్త విషయం కనుగొన్నామని సంబరపడిన విద్యార్థులు అన్ని చోట్లా ఉంటారు. చిన్న తరంగదైర్ఘ్యాలను ఆపే గాజు పలకను అడ్డం పెడితే ఆ శిఖరం మాయమవుతుంది.

నాడీశాస్త్రంలో 2005 తరువాత వ్యాపించిన ఆప్టోజెనెటిక్స్ పద్ధతిలో ఇదే చిక్కు ఇంకొక రూపంలో ఎదురవుతుంది. నాడీకణాన్ని తెరిచే ఛానెల్‌రోడాప్సిన్-2 దాదాపు 470 నానోమీటర్లకు స్పందిస్తుంది. ఆకుపచ్చ ప్రోటీనును చూచుటకు వాడేదీ దాదాపు అదే కాంతి. రెండూ ఒకే కణంలో ఉంటే, చూచుటయే ప్రేరేపించుట అవుతుంది. అప్పుడు వడపోత మార్చినా లాభం లేదు, ప్రోటీనునే మార్చాలి.

కంటి కటకం: శరీరంలోని వడపోత

కటకంలోని క్రిస్టలిన్ ప్రోటీన్లు కాంతిగ్రాహకాలు కావు. అయినా జీవితమంతా కాంతి వాటి గుండానే పోతుంది, పుట్టుకకు ముందు తయారైన ప్రోటీన్లు కూడా మార్పిడి లేకుండా చివరిదాకా ఉంటాయి. సీసీఎంబీలో డి.బాలసుబ్రమణియన్, సీహెచ్.మోహనరావు తదితరులు ఈ ప్రోటీన్లు కాంతి వలన దెబ్బతినే విధానాన్ని పరిశోధించారు. బాలసుబ్రమణియన్ 1993 నుండి 1998 వరకు ఆ సంస్థకు సంచాలకుడు. ఆ తరువాత 1987లో స్థాపించబడిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో పరిశోధన కొనసాగించాడు. అతినీలలోహిత కాంతికి ప్రోటీనులోని ట్రిప్టోఫాన్ ఆక్సీకరణం చెంది ఎన్-ఫార్మైల్‌కైన్యురెనిన్‌గా మారుతుంది. ఈ పదార్థం మళ్లీ కాంతిని గ్రహించి ప్రక్కనున్న అణువులకు హాని చేస్తుంది. కంటిలో శుక్లం ఏర్పడుటకు గల అనేక కారణాలలో ఇదొకటిగా భావిస్తారు.

ఇటువంటి ప్రయోగంలో వడపోత లేకపోతే ఫలితానికి విలువ లేదు. కంటి నల్లగుడ్డు మీది కార్నియా సుమారు 295 నానోమీటర్ల కంటె తక్కువ కాంతిని ఆపివేస్తుంది. పాదరస దీపాన్ని వడపోత లేకుండా ప్రోటీను మీద వేస్తే అందులోని 254 నానోమీటర్ల కాంతి ప్రోటీనును త్వరగానే పాడుచేస్తుంది, కాని ఆ కాంతి బతికున్న మనిషి కటకానికి ఎన్నడూ చేరదు. కటకం కూడా తనంత తానే ఒక వడపోత. మనిషి కటకంలో కైన్యురెనిన్ జాతి పదార్థాలు 300-400 నానోమీటర్ల కాంతిని పీల్చుకొని రెటీనాను కాపాడతాయి.

జాగ్రత్తలు

రంగులను పోల్చునపుడు శక్తిని సమానం చేస్తే చాలదు, ఫోటాన్ల సంఖ్యను సమానం చేయాలి. ఒక ఫోటాన్ శక్తి 450 నానోమీటర్ల వద్ద సుమారు 2.76 ఎలక్ట్రాన్ వోల్టులు, 660 వద్ద 1.88. ఒకే శక్తి గల నీలి, ఎర్ర కాంతులలో ఎర్రదానిలో ఫోటాన్లు దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఈ తేడాను లెక్కించక ఎర్రకాంతి మెరుగని ప్రకటిస్తే అది కొలత దోషమే తప్ప ప్రోటీను గుణం కాదు.

వేడి మరొక దోషం. చాలా రంగు వడపోతలు పరారుణ కాంతిని ఆపవు. దీపానికి, నమూనాకు నడుమ నీటి తొట్టి పెట్టి వేడిని తగ్గించుట పాత పద్ధతి, నేటికీ మంచిదే. వడపోత లేకుండా, దీపం లేకుండా, ప్రోటీను లేకుండా మూడు సరిచూపు ప్రయోగాలు చేయుట తప్పనిసరి. ఎల్‌ఈడీ దీపాలు వచ్చిన తరువాత వడపోతల వాడకం కొంత తగ్గినది. కాని ఎల్‌ఈడీ వర్ణపటానికి కూడా ఇరువైపులా తోకలుంటాయి, నిశితమైన పనికి దాని ముందు కూడా వడపోత పెట్టాలి. వడపోతలను వేళ్లతో తాకరాదు, వానాకాలంలో సిలికా జెల్ ఉంచిన డబ్బాలో దాచాలి, అప్పుడప్పుడు వర్ణపటమాపకంలో పెట్టి తిరిగి కొలవాలి. డబ్బా మీద అచ్చువేసిన అంకె కొన్ననాటిది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగాలు

ఆవ మొలకలను మూడు అట్టపెట్టెలలో ఉంచి, ప్రక్కన కోసిన కిటికీలకు నీలి, ఎర్ర, రంగులేని సెలోఫేన్ అతికించి మూడు రోజులు చూడవచ్చును. నీలి, రంగులేని కిటికీల వైపు మొలకలు స్పష్టంగా వంగుతాయి. ఎర్ర కిటికీ పెట్టెలో మొలకలు కొద్దిగా వంగితే కాగితం నీలికాంతిని పూర్తిగా ఆపుట లేదని అర్థం. అప్పుడు రెండు పొరలు వేసి తిరిగి చూడాలి.

పాలకూర ఆకులను స్పిరిటులో నలిపి వడకట్టిన ఆకుపచ్చ ద్రావణం మీద చీకటి గదిలో నీలి ఎల్‌ఈడీ టార్చి వేసి, ఎర్ర సెలోఫేన్ గుండా ప్రక్క నుండి చూస్తే రక్తవర్ణపు వెలుగు కనిపిస్తుంది. ఇది పత్రహరితం ప్రతిదీప్తి. స్పిరిటు మండే స్వభావం గలది, దీపాలకు దూరంగా ఉంచాలి. అదే టార్చిని మంచినీళ్ల గ్లాసు మీద వేసి ఎర్ర సెలోఫేన్ గుండా చూస్తే ఏమీ కనిపించకూడదు. కనిపించినచో ఆ కాగితాన్ని మార్చి ప్రయోగం మళ్లీ మొదలుపెట్టాలి.